రోడ్డు మీద మనవాళ్ళు – 6 : మొదటి కోను పెట్టే మనిషి



పోయిన భాగంలో తెల్లారగట్ల మెయిన్ రోడ్లు ఊడ్చే మన అక్కల గురించి రాశాను. చాలామంది ఫోన్లు చేశారు. తాడేపల్లిగూడెం నుంచి ఒక తమ్ముడు మాత్రం ఒకే ఒక్క లైను పెట్టాడు. "అన్నా, రోడ్డు ఊడ్చేవాళ్ళ గురించి రాశారు, రోడ్డు వేసేవాళ్ళ గురించి ఎప్పుడు రాస్తారు?" అని. ఆ తమ్ముడు ప్యాచ్ వర్కు గ్యాంగులో పని చేస్తాడు. ఈ భాగం అతనికి జవాబు.

ముందు ఒక ప్రశ్న. మీరు ఏలూరు బైపాస్ మీద తిరుగుతుంటారు. భీమడోలు, కైకరం, ఉంగుటూరు మీదుగా గూడెం వెళ్తుంటారు. మనం ఇప్పటికీ ఐదో నంబరు హైవే అనే ఆ రోడ్డు 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారు అయింది. దాని మీద ఎక్కడో ఒకచోట నారింజ రంగు కోన్లు వరసగా కనపడతాయి. మీ బండి ఆ వరస పట్టుకుని పక్క లేనులోకి జరుగుతుంది. "అబ్బా, మళ్ళీ తవ్వారు" అని విసుక్కుంటారు. విసుక్కోండి, తప్పు లేదు. కానీ ఆ వరసలో మొట్టమొదటి కోను ఎవరు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ కోను అక్కడికి రాకముందు అక్కడ ఏమీ లేదు. బోర్డు లేదు, జెండా లేదు, లైటు లేదు. లారీలు, కార్లు, బస్సులు మామూలు వేగంతో పోతున్నాయి. ఆ పోతున్న రోడ్డు మీదకి ఒక మనిషి కోను చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళాడు. అందరికీ జాగ్రత్త చెప్పే వస్తువుని పెట్టడానికి వెళ్ళిన మనిషి కోసం జాగ్రత్త చెప్పేది అక్కడ ఏదీ లేదు. సాయంత్రం పనైపోయాకా అంతే. ఒక్కో కోనూ ఏరుకుంటూ పోతే, చివరి కోను దగ్గర మళ్ళీ అతనొక్కడే మిగులుతాడు.

రోడ్డు పనిలో పేవరు దగ్గర, రోలరు దగ్గర, కాగే తారు దగ్గర ప్రమాదం ఉందని అందరికీ తెలుసు. ఈ మొదటి పది నిమిషాలూ, చివరి పది నిమిషాలూ ఎవరి లెక్కలోనూ ఉండవు. ఆ పనికి ఎవరిని పెడతారు? గ్యాంగులో అందరికంటే కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి, లేకపోతే బరువులు మోయలేని ముసలాయన్ని. "నీకేం రా, జెండా పట్టుకుని నిలబడ్డమేగా" అంటాడు మేస్త్రి.

ఈ గ్యాంగుల్లో ఎవరుంటారు? నేను రోడ్డు పక్కన ఆగి పలకరించినంత మేరకు చెప్తాను. మాల మాదిగ పేటలవాళ్ళు, వడ్డెరలు, యానాదులు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కుర్రాళ్ళు. ప్రతిదాంట్లోకీ కులం లాక్కొస్తున్నానని నన్ను తిట్టుకునేవాళ్ళు ఒక్క పూట ఆగి, జెండా పట్టుకున్న మనిషి పేరేంటో, ఏ పేట నుంచి వచ్చాడో అడగండి. తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు కాస్త లెక్క.

గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకి 22 మీటర్లు పోతుంది. 100తో వచ్చే కారు దాదాపు 28 మీటర్లు పోతుంది. మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రోడ్డు మీద కారుకి 100 వరకూ చట్టమే ఒప్పుకుంది. ముందు ఏదో ఉందని డ్రైవరు చూసి, అదేంటో అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేలోపు రెండున్నర సెకన్లు పోతాయని రోడ్డు ఇంజనీర్లు లెక్క వేస్తారు. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకొంత దూరం పడుతుంది. రెండూ కలిపి 80 వేగానికి 120 మీటర్లు, 100 వేగానికి 180 మీటర్లు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. క్రికెట్ పిచ్ ఇరవై మీటర్లు అనుకోండి, తొమ్మిది పిచ్‌లు వరసగా పరిస్తే 180. అది కూడా డ్రైవరు మెలకువగా ఉండి, బ్రేకులు సరిగ్గా ఉంటేనే.

మరి మన గ్యాంగుల కోను పని చేసే మనిషికి ఎంత వెనక ఉంటోంది? నేను అడుగులేసి కొలిచిన చోట్ల ముప్ఫై అడుగులు, నలభై అడుగులు. అంటే పది పన్నెండు మీటర్లు. 80తో వచ్చే లారీ అర సెకనులో దాటేసే దూరం.

ఇంత దూరం ఉండాలని ఎవరికీ తెలియక ఇలా జరుగుతోందా? బాగా తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీని మీద ఒక పుస్తకమే వేసింది. ఎస్పీ 55 అంటారు. మొదట 2001లో వచ్చింది, 2014లో సవరించారు. కాంట్రాక్టు కాగితాల్లో దాని పేరుంటుంది. పని జరిగే చోటుని అది నాలుగు ముక్కలుగా చూస్తుంది. మొదటి ముక్కలో పని ఇంకా చాలా దూరం ఉండగానే బోర్డులు పెట్టి డ్రైవరుకి ముందుగా చెప్తారు. రెండో ముక్కలో కోన్లు ఏటవాలుగా పెట్టి బండిని మెల్లగా పక్క వరసలోకి జరుపుతారు. మూడోది పని జరిగే చోటు. నాలుగోది బండిని తిరిగి దాని దారిలోకి వదిలే చోటు. కోన్ల ఏటవాలుకీ పని చేసే మనుషులకీ నడుమ కొంత జాగా ఉత్తినే ఖాళీగా వదలాలి. అందులో మనిషి నిలబడకూడదు, కంకర పోయకూడదు, బండి ఆపకూడదు. దారి తప్పి లోపలికి దూసుకొచ్చిన బండి ఆగడానికి వదిలిన జాగా అది. మన దగ్గర ఆ ఖాళీలోనే నీళ్ళ డ్రమ్ము పెడతారు, ఆ డ్రమ్ము నీడనే అన్నం క్యారేజీలు విప్పుతారు.

ఇక పెట్టే వరస. మొదట పెట్టాల్సింది అన్నిటికంటే దూరంగా ఉండే బోర్డు. బండ్లు వచ్చే దిక్కు నుంచి పని చోటు వైపు వస్తూ ఒక్కోటీ పెట్టాలి. అప్పుడు పెట్టిన ప్రతి బోర్డూ, ప్రతి కోనూ తర్వాతి దాన్ని పెట్టే మనిషికి కాపలా కాస్తుంది. తీసేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి. పని చోటు అవతలి చివర నుంచి వెనక్కి ఏరుకుంటూ రావాలి. పొద్దున్న మొట్టమొదట పెట్టిన బోర్డు సాయంత్రం అన్నిటికంటే ఆఖరున లేవాలి. ఇందులో రూపాయి అదనపు ఖర్చు లేదు. వరస తెలిసి ఉండాలి, ఆ వరస పాటించేంత టైము ఇవ్వాలి.

మన దగ్గర ట్రాక్టరు వచ్చి పని చోటే ఆగుతుంది. కోన్లు అక్కడే దింపుతారు. పార పడ్డాక, ఎవరికో గుర్తొస్తే, ఒక కుర్రాడు వాటిని పట్టుకుని బండ్లకి ఎదురు నడుస్తాడు. సాయంత్రం చీకటి పడుతుంటే మేస్త్రి "ఎక్కండి ఎక్కండి" అంటాడు. ట్రాక్టరు ఎటు నిలబడితే అటు నుంచి ఏరతారు. చాలాసార్లు ముందు లేచిపోయేది దూరంగా ఉన్న బోర్డే. మనుషులింకా రోడ్డు మీదే ఉంటారు.

ఇంకో రెండు విషయాలు చెప్పి లెక్క ఆపేస్తాను. వెనకాల ఒక బరువు బండి నిలబెట్టాలి, పసుపు లైటు తిరుగుతూ. గుద్దేవాడు ముందు దాన్ని గుద్దాలి. కొన్ని దేశాల్లో ఆ బండి వెనక దెబ్బని మింగే పెద్ద కుషన్ కూడా కడతారు. మన దగ్గర అంత లేకపోయినా కంకర నింపిన టిప్పరు ఉంటుంది కదా, అదే పెట్టొచ్చు. కానీ మనుషులు దానికి ఆనుకుని ఉండకూడదు, గుద్దితే అది ముందుకి జరుగుతుంది కాబట్టి. రెండోది, కోన్ల లోపల ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. వెనక్కొచ్చే టిప్పరు కింద పడిపోయిన మనుషులున్నారు. రోలరు మోతలో హారను వినపడదు. అందుకే బండి వెనక్కి తీసేటప్పుడు దాన్ని చూసుకోడానికే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఆ పని తప్ప ఇంకో పని చెప్పకూడదు.

ఇదంతా వెడల్పాటి హైవే మాట. కొల్లేరులోకి దిగితే సంగతి వేరు.

కొల్లేరు రోడ్లు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏలూరు నుంచి కైకలూరు వైపు, ఆకివీడు చుట్టుపక్కల, నిడమర్రు వైపు లంక ఊళ్ళకి పోయే రోడ్లు చాలా చోట్ల గట్టు మీద వేసినవే. ఇటు చెరువు, అటు చెరువు, లేదా ఇటు కాలువ. కింద మెత్తటి మట్టి. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు పొంగి వస్తే నీళ్ళు రోడ్డెక్కుతాయి. నీళ్ళు దిగాక గోతులు. గోతులు పూడ్చిన చోటే మళ్ళీ కుంగుతుంది. అంటే ఈ రోడ్ల మీద ప్యాచ్ వర్కు గ్యాంగుకి ఏడాది పొడుగునా పనే.

ఆ గట్టు మీద సగం రోడ్డు మూసి సగం మీద బండ్లు వదలాలి. ఈ చివర ఒక జెండా, ఆ చివర ఒక జెండా. ఇద్దరూ ఒకరికొకరు కనపడాలి, కనపడకపోతే ఫోనులో మాట్లాడుకోవాలి. జెండా మనిషి రోడ్డు మధ్యలో నిలబడకూడదు, అంచున నిలబడాలి. బండి ఆగకపోతే పక్కకి దూకడానికి చోటు చూసుకుని నిలబడాలి. గట్టు మీద బెర్ము ఎక్కడుంది? దూకితే చేపల చెరువులోకే. వచ్చేది చేపల లారీ. ఐసు కరిగేలోపు సరుకు దూరాలకి చేరాలి. దాళ్వా కోతలైతే ఉన్న కాస్త అంచు మీదా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. డిసెంబరు, జనవరి వచ్చిందంటే పొగమంచు. ఎర్ర జెండా ఇరవై అడుగుల అవతలికి కనపడదు.

మా చిన్నాన్న అలాంటి రోడ్డు మీదే పోయాడు. 2022 డిసెంబరు చివర్లో. ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు రాయను, కేసు ఇంకా నడుస్తోంది.

ఆయనకి అప్పటికి నలభై దాటి ఆర్నెల్లు. నడుం పడిపోయాక మేస్త్రి ఆయన్ని జెండాకి మార్చాడు. ఆ రోజు పొద్దున్నే మంచులో గట్టు రోడ్డు మీద కోన్లు పెడుతుండగా ఏదో వ్యాను కొట్టేసి పోయింది. ఆగలేదు. మేం వెళ్ళేసరికి కోన్లన్నీ ట్రాక్టరులోకి ఎక్కించేశారు. అక్కడ పని జరగబోతోందని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. సూపర్‌వైజరు స్టేషన్లో చెప్పిన మాట: "ఆయన మా మనిషి కాదండి, టీ తాగడానికి రోడ్డు దాటుతున్నాడు." ఎఫ్ఐఆర్‌లో కూడా అదే పడింది. రోడ్డు దాటుతున్న వ్యక్తిని గుర్తు తెలియని వాహనం ఢీకొట్టింది అని.

మా పిన్నికి చదువు రాదు. ఆ కాగితం నాచేత చదివించుకుని ఒకే మాట అడిగింది. "ఒరేయ్ పెద్దోడా, మీ బాబాయి టీ తాగడురా. జీవితంలో ఎప్పుడూ టీ తాగలేదు. ఆళ్ళకి ఎవరు చెప్పార్రా?"

ఆ ఒక్క ముక్క ఎంత పని చేస్తుందో చూడండి. గుర్తు తెలియని వాహనం కొట్టి చనిపోతే 2022 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఇచ్చే పరిహారం రెండు లక్షలు. పని చేస్తూ చనిపోయినట్టు తేలితే లెక్క వేరు. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. జీతం పరిమితి 2020 జనవరి నుంచి పదిహేను వేలు. నలభై ఏళ్ళ మనిషికి ఆ అంకె 184.17. ఏడు వేల ఐదొందలని దాంతో గుణించండి. పదమూడు లక్షల ఎనభై ఒక్క వేల పైచిలుకు. కూలీని పెట్టుకున్న సబ్ కాంట్రాక్టరు దొరక్కపోతే, పని అప్పగించిన అసలు యజమాని మీద కూడా అడగొచ్చని అదే చట్టం పన్నెండో సెక్షను చెప్పింది. "టీ తాగడానికి రోడ్డు దాటుతున్నాడు" అన్న మాట ఖరీదు అదీ.

మాకు దొరికినవి రెండు. ఒకటి, చిన్నాన్న ఫోనులో మేస్త్రి వారం వారం ఫోన్‌పే కొట్టిన కూలి డబ్బులు. రెండోది, శవ పంచనామాలో ఎవరో కానిస్టేబులు శ్రద్ధగా రాసిన ఒక లైను. మృతుని ఒంటి మీద నారింజ రంగు జాకెట్ ఉన్నది అని. టీకి వెళ్ళేవాడు నారింజ జాకెట్ వేసుకుని వెళ్తాడా? ఆ లైను మీదే మా కేసు నిలబడింది. రాసినాయన ఎవరో నాకు తెలీదు గానీ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్రం నివేదిక. నడిచి వెళ్ళేవాళ్ళు ఎంతమంది, సైకిలు మీద ఎంతమంది, మోటారు సైకిలు మీద ఎంతమంది అని పట్టిక ఉంటుంది. పాదచారులు 32,825 మంది. ఆ పట్టికలో రోడ్డు పని చేస్తూ చనిపోయినవాళ్ళకి ఒక గడి లేదు. మా చిన్నాన్న ఆ 32,825 మందిలో ఒకడు. ఎటో నడిచి వెళ్తున్నవాడి లెక్కలో పడిపోయాడు.

ఇక్కడ నాకు ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 1924 మార్చి 30న కేరళలోని వైకోమ్‌లో ఒక సత్యాగ్రహం మొదలైంది. గుళ్ళోకి పోనివ్వమని కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనివ్వమని. ఫలానా కులాలవాళ్ళు ఇక్కడి నుంచి ముందుకి రాకూడదని అక్కడ పలకలు పెట్టి ఉండేవి. మన నిజాం తెలంగాణలో వెట్టి చాకిరీలో ఒక పని, అధికారి బండి ముందు పరిగెత్తడం. మా తాతల కాలానికి మా గోదావరి ఊళ్ళలో పెద్ద వీధి మీద మావాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో ఈ దేశానికి అడుగులతో సహా తెలుసు. మన నీడ పడకుండా ఎంత దూరం, మన బావి ఎంత దూరం, మన పేట ఎంత దూరం. అంత బాగా దూరాలు కొలవడం వచ్చిన సమాజానికి, మన మనిషికీ లారీకీ మధ్య 180 మీటర్లు కొలవడం మాత్రం చేత కావట్లేదు. అప్పుడు బోర్డు మనల్ని ఆపడానికి పెట్టారు. ఇప్పుడు మన కోసం బండిని ఆపే బోర్డు పెట్టమని అడుగుతున్నాం.

అడిగితే వస్తుందా? ఒక చోట అడిగాం. అది కూడా చెప్తాను.

మా పేట ఆడవాళ్ళు పద్నాలుగు మంది నాలుగు వరసల రోడ్డు మీద డివైడరు మొక్కల పనికి వెళ్తారు. గన్నేరు, కాగితం పూల చెట్లు కత్తిరించడం, కలుపు తీయడం, ట్యాంకరుతో నీళ్ళు పట్టడం. ట్యాంకరు నడిచే వరస ఏదనుకున్నారు? డివైడరు పక్కన ఉండేది, అంటే అందరికంటే వేగంగా పోయేవాళ్ళ వరస. ఈ పని ఒకచోట ఆగదు, జరుగుతూ ఉంటుంది. కాబట్టి బోర్డులు కూడా జరుగుతూ ఉండాలి. ట్యాంకరు వెనక దూరంగా లైటున్న ఇంకో బండి రావాలి. ఆ బండి లేదు. కత్తిరించిన కొమ్మ ఒకటి ట్యాంకరుకి కట్టారు, అంతే.

ఒకరోజు ఒక కారు ట్యాంకరుని రాసుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మా అత్త వరసావిడ ఒకావిడ ఆటో దిగలేదు. "ఎనక బండి పెట్టేదాకా మేం దిగమండి" అంది. ఆమె దిగకపోతే మిగిలిన పదమూడు మందీ దిగలేదు. మేస్త్రి అరిచాడు. "రేపట్నుంచి ఒడిశావోళ్ళని తెచ్చుకుంటాను, మీరింటికాడ కూర్చోండి" అన్నాడు. ఆవిడ అన్న మాట నేను రాసి పెట్టుకున్నాను. "తెచ్చుకోండి బాబూ. ఆళ్ళకీ బండే పెట్టాలి, ఆళ్ళు మాత్రం మనుషులు కారా?"

రెండు రోజులు కూలి పోయింది. అదేం చిన్న సంగతి కాదు, రెండు రోజుల కూలి అంటే ఇంట్లో బియ్యం. మూడో రోజు ఒక పాత టాటా ఏస్ వచ్చింది, నెత్తిన పసుపు లైటుతో. జాకెట్లు కూడా వచ్చాయి. ఇంకా ముందస్తు బోర్డులు రాలేదు. ఏస్ కూడా బరువు బండి కాదు. అయినా ఇప్పుడు ఆ బండి రాకపోతే వాళ్ళు ఆటో దిగరు. అది అలవాటైంది.

ఇక్కడ కులం మాటతో పాటు ఒడిశా కుర్రాళ్ళ మాట కూడా చెప్పాలి. మన మీదకి వాళ్ళని, వాళ్ళ మీదకి మనల్ని చూపించి భయపెట్టడం కాంట్రాక్టర్లకి అలవాటే. వాళ్ళు మనకి పోటీ కాదు. భాష రాక, వెనక నుంచి "జరుగు జరుగు" అని అరిస్తే అర్థం కాక ముందు చచ్చిపోయేది వాళ్ళే. గ్యాంగులో ఎవరికి ఏ భాష వచ్చినా ఒక ఈల ఉండాలి. ఒకటే గట్టి ఈల వినపడితే అందరూ రోడ్డు వదిలి పక్కకి రావాలి. ఈలకి భాష అక్కర్లేదు.

అమెరికాలో మన తెలుగు పిల్లలు లక్షల్లో ఉన్నారు. టెక్సాస్‌లో రోడ్డు పని చోట కూలీలుండగా స్పీడుగా పోతే జరిమానా రెట్టింపు. ఆగి ఉన్న ఎమర్జెన్సీ బండి పక్క నుంచి పోయేటప్పుడు వరస మారాలి లేదా వేగం తగ్గించాలి అన్న చట్టం అక్కడ యాభై రాష్ట్రాల్లోనూ ఉంది. అక్కడ నారింజ బోర్డు కనపడగానే బుద్ధిగా కాలు బ్రేకు మీద పెట్టే మన కుర్రాడే సంక్రాంతికి ఇంటికొచ్చి గూడెం దగ్గర జెండా మనిషి మీద హారను కొడతాడు. మనిషి అదే, చెయ్యి అదే. అక్కడ ఆ కూలీ వెనక చట్టం నిలబడి ఉందని తెలుసు. ఇక్కడ ఎవరూ లేరని తెలుసు.

నిజానికి ఇక్కడా చట్టం ఉంది. 1942 నుంచి 1946 వరకూ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. పని చేసేవాడి ప్రాణం యజమాని దయ మీద ఉండకూడదు, చట్టంలో ఉండాలి అన్న దారి మనకి అక్కడి నుంచి వచ్చింది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంలో రోడ్డు వేసేవాళ్ళూ ఉండేవాళ్ళు, మరమ్మతు చేసేవాళ్ళూ ఉండేవాళ్ళు. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల బోర్డుకి కట్టాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు నిర్మాణంలోనో నిర్వహణలోనో భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే బాధ్యుడైన అధికారి, కాంట్రాక్టరు, కన్సల్టెంటు లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. మనిషి ప్రాణానికి లక్షేనా అంటారు. నేనూ అదే అంటాను. కానీ ఆ లక్ష కూడా ఎవరిచేతా కట్టించకపోతే అది కాగితమే. 2020లో పార్లమెంటు పాత కార్మిక చట్టాలని కోడ్‌లలో కలిపింది. అందులో ఒక మంచి ముక్క ఉంది, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని. దాన్ని పట్టుకోండి. మా చిన్నాన్న దగ్గర అలాంటి కాగితం ఒక్కటుంటే పిన్ని ఇన్నేళ్ళు తిరిగేది కాదు.

ఈ పని చేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నాలుగు మాటలు.

మస్టరులో మీ పేరు పడిందో లేదో రోజూ చూసుకోండి, వీలైతే ఫోటో తీసుకోండి. కూలి ఫోన్‌పేలోనే అడగండి. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ మధ్య ఉండి ఏడాదిలో తొంభై రోజులు పని చేసుంటే నిర్మాణ కార్మికుల కార్డు తీసుకోండి.

దూరం బోర్డు పడకుండా పార పట్టొద్దు. ఒక్కరే చెప్తే "రేపు రాకు" అంటారు. కాబట్టి ముందురోజు రాత్రి పేటలోనే అందరూ ఒక మాట అనుకోండి.

బండ్లకి వీపు పెట్టి వంగొద్దు. తప్పకపోతే ఒకరు వంగినప్పుడు ఇంకొకరు రోడ్డు చూడాలి. పొగమంచు ఉంటే కోను పట్టుకోవద్దు. మంచు విడిచాక పని మొదలెడితే రోడ్డేం పారిపోదు.

ఏదైనా జరిగితే, ఇంటివాళ్ళు స్టేషనుకి వెళ్ళేలోపే తోటివాళ్ళు ఆ చోటు ఫోటోలు తీయండి. కోన్లు, ట్రాక్టరు, జాకెట్, చెప్పులు, అన్నీ. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, తీసుకుని చదివించుకోండి. "పని చేస్తుండగా" అన్న మాట అందులో ఉందో లేదో చూడండి. పంచనామా కూడా అడగండి. పని చోటు పరిహారం, మోటారు వాహనాల పరిహారం, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని చట్టం. తొందరపడి దేనిమీదా వేలిముద్ర వేయకండి, ముందు తెలిసిన లాయరుని అడగండి.

రోడ్డు మీద పోయే మిగిలినవాళ్ళకి ఒకటే మాట. జాతీయ రహదారి మీద బోర్డు లేకుండా పని జరుగుతుంటే 1033కి ఫోను చేయండి. చోటు చెప్పండి. రెండు నిమిషాల పని. పనైపోయాక రోడ్డు మీద వదిలేసిన రాళ్ళూ డ్రమ్ములూ కనపడినా చేయండి. రాత్రి అవి కొట్టేది మోటారు సైకిలు మీద వెళ్ళే మీ పిల్లల్నే.

మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. వేరే పని దొరక్క. వాడు చేరేముందు పిన్ని ఒక షరతు పెట్టింది. రోజూ పొద్దున్న బోర్డు పెట్టాక దాని ఫోటో తీసి ఆమెకి పంపాలి. ఆమెకి చదవడం రాదు గానీ ఆ బోర్డు మీద పార పట్టుకుని వంగిన మనిషి బొమ్మ గుర్తు. ఫోటో రాని రోజు వాడి ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తేదాకా.

వచ్చే భాగం మునిసిపాలిటీ డ్రైనేజీ గోతుల గురించి. ఏలూరు, గూడెం, భీమవరంలో ఆ పని చేసేవాళ్ళు మీకు తెలిసుంటే నాతో మాట్లాడమని చెప్పండి. పేర్లు రాయను.

జై భీమ్.